భల్లా ఆంటీ ఎండుచెట్టు

అన్యాయం జరిగింది మా పక్క క్వార్టర్ భల్లా ఆంటీకి. జరిగిన రోజు వసంత పంచమి, ఆదివారం, పొద్దున్న పదిన్నర వేళ. వాడిన గొడ్డలి కూడా ఆవిడదే. చేసింది నేను. ఇంకొకరు చెప్పగా మీరు వినేకంటే నేనే చెప్పడం మేలు. మా ఆయన చెబితే ఇందులో ఆయన పాత్ర మాయమైపోయి నా నోరొక్కటే మిగులుతుంది.

పోయింది ఒక చెట్టు. అలాంటి ఇలాంటి చెట్టు కాదు. ముప్పై ఏళ్లుగా ఆంటీ ఇల్లు మారినప్పుడల్లా వెంట తీసుకెళుతున్న చెట్టు. చెట్టును వెంట తీసుకెళ్లడమేమిటని అప్పుడే అడక్కండి. నాకూ అప్పటికి తెలీదు. తెలిసుంటే ఈ గొడవే లేదు.

ముందు నా జబ్బు సంగతి చెప్పాలి. నేను బడికెళ్లింది ఐదో తరగతి దాకా. ఆ తర్వాత చదివిందంతా నా అంతట నేను చదువుకున్నదే. కొట్లో పప్పు పొట్లం కట్టిన కాగితం దగ్గర్నుంచి, లైబ్రరీలో చెదలు తినగా మిగిలిన పుస్తకాల దాకా దేన్నీ వదల్లేదు. హిందీ కూడా పోస్టులో పుస్తకాలు తెప్పించుకుని నేర్చుకుని పరీక్షలు ప్యాసయ్యాను. ఇలా చదువుకున్నవాళ్లకు ఒక తెగులుంటుంది. బళ్లో చదివినవాళ్లు ఏదైనా తెలియకపోతే పక్కవాణ్ణి అడుగుతారు. మేం అడగం. పుస్తకంలో ఉందేమో చూస్తాం. ఉంటే ఇక పుస్తకం ఒప్పు, లోకం తప్పు.

మా ఆయనకు కాకినాడ నుంచి ఢిల్లీకి బదిలీ అయి, జనవరి రెండో వారంలో ఆర్.కె. పురంలో కింది అంతస్తు క్వార్టర్‌లో దిగాం. దిగేసరికి ఇద్దరికీ కలిపి మా దగ్గరున్న ఉన్నిబట్ట ఒక మఫ్లరు. అది ఆయన మెడకే ఉంది. నేను వంటింట్లో నిలబడి పళ్లు టకటకలాడిస్తుంటే, పక్క తలుపు తీసుకుని ఓ పంజాబీ ఆవిడ వచ్చింది. యాభై ఏడెనిమిదేళ్లుంటాయి. ఒక చంకలో కప్పుకునే దూది రజాయి, ఇంకో చేతిలో నిప్పులు రాజేసిన కుంపటి.

"మద్రాస్ నుంచి వచ్చారా?" అంది.

"మద్రాసు కాదండీ. ఆంధ్రా."

"అచ్ఛా, అచ్ఛా. ఆంధ్రా. అది మద్రాసులో ఏ వైపు?"

నేను పుస్తకాల హిందీలో రాష్ట్రాల విభజన గురించి ఐదు నిమిషాలు ఉపన్యాసమిచ్చాను. ఆవిడ ఓపిగ్గా విని, కుంపటి నా కాళ్ల దగ్గరికి జరిపి, "నువ్వు మాట్లాడుతుంటే రేడియోలో వార్తలు విన్నట్టుంది పుత్తర్. ముందు చేతులు కాచుకో" అంది.

ఆవిడే భల్లా ఆంటీ. భర్త పోయి పదేళ్లు. ఏదో మంత్రిత్వ శాఖలో టైపిస్టు. ఏప్రిల్ నెలాఖరుకు రిటైర్మెంటు. ఆ తర్వాత క్వార్టర్ ఖాళీ చేసి ఫరీదాబాద్‌లో కట్టుకుంటున్న రెండు గదుల ఇంట్లోకి వెళ్లిపోవాలి. పాల డిపో ఎక్కడుందో, బస్సు ఎటు నుంచి ఎక్కాలో, నీళ్లు ఏ వేళకు ఆగిపోతాయో, అన్నీ ఆవిడే నేర్పింది. ఆ ఊళ్లో నాకప్పటికి తెలిసిన మనిషి ఆవిడొక్కతే. ఆవిడ వంట నుంచి నాకో గిన్నె వచ్చేది. నా సాంబారు గిన్నె వాళ్లింటికి వెళ్లి సాంబారు ఖాళీ చేసుకుని తిరిగొచ్చేది, అదీ వట్టిగా కాదు, అందులో బెల్లం ముక్కో వేరుశనగకాయలో పోసుకుని. నోరున్నదాన్నని మా వైపు నాతో స్నేహం చేసినవాళ్లు తక్కువ. ఈవిడకు నా మాట సగం అర్థం కాక నచ్చానో, అర్థమయ్యే నచ్చానో తెలీదు. మొత్తానికి నచ్చాను.

ఫిబ్రవరి మొదటివారంలో అంబాలా నుంచి టెలిగ్రామ్ వచ్చింది. కూతురికి నెలలు నిండకుండానే నొప్పులట. ఆంటీ ట్రంకుపెట్టెలో బట్టలు కుక్కుకుంటూనే తాళంచెవి నా చేతిలో పెట్టింది.

"తులసికి రోజూ నీళ్లు పొయ్యి. నెల పడుతుందో, ఇంకా ఎక్కువో. పెరట్లో నాకు ఓ పని మిగిలిపోయింది, చలి పోకముందే చెయ్యాలి. చూద్దాం, నా రాత ఎలా ఉందో."

ఏం పని అని అడగొచ్చు కదా. అడగలేదు. రిక్షా వచ్చింది, ఎక్కించి పంపేశాను.

ఇక పెరడు. రెండు క్వార్టర్లకూ వెనకాల కలిపి ఒకటే జాగా. మధ్యలో హద్దుగా ఒక వరస ఇటుకలు, అవీ వంకర టింకరగా. ఆ ఇటుకల పక్కనే ఓ చెట్టు. మోచేతి లావు మొదలు, దాని మీద చీపురు పుల్లల్లా నిటారుగా కొమ్మలు. ఆకన్నది లేదు. వచ్చిన రోజు నుంచీ చూస్తున్నాను, ఒక్క ఆకు లేదు.

మా వైపు ఆకు రాల్చే చెట్లు లేవని కాదు. రావిచెట్టు రాలుస్తుంది, వారం తిరక్కుండా కొత్త కోక కట్టుకుంటుంది. నెలల తరబడి ఒంటి మీద ఆకు లేకుండా నిలబడే చెట్టును నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. మాకు ఆకు లేనిది మోడు. మోడంటే పొయ్యిలోకి. అంతే.

ఢిల్లీ అంతా ఇలాంటి మోళ్లే కనిపించేవి. దేశ రాజధానిలో చచ్చిన చెట్లను తీసే దిక్కు లేదా అని నాకు ఒళ్లు మండింది. మా వీధిలో లెక్కబెడితే పదకొండు తేలాయి. వెంటనే చెట్లూ చేమలూ చూసే ఆఫీసుకు ఉత్తరం రాశాను. రోడ్డు పేరు, ఒక్కో చెట్టు ఎక్కడుందో గుర్తులు, ఆఖర్న ఓ చురక: "తమరు చచ్చినవాటికి నీళ్లు పోసే ఖర్చుతో బతికినవి నాలుగు నాటవచ్చును."

అప్పుడే నా దగ్గరికి తోటపని పుస్తకం వచ్చింది. కాకినాడ నుంచి తెచ్చిన పెట్టె అడుగున దొరికింది. అట్ట లేదు, రాసిందెవరో తెలీదు, మొదటి పన్నెండు పేజీలు ఊడిపోయాయి. మిగిలినవి మాత్రం శాసనంలా ఉన్నాయి. 'మాఘమాసమున బీర విత్తవలెను.' మాఘమాసమే నడుస్తోంది. బీరగింజలు మా అత్తగారు కట్టిచ్చినవి మూటలో ఉన్నాయి. ఢిల్లీ బజార్లో చలికాలమంతా కాలీఫ్లవరూ, ముల్లంగీ, బంగాళాదుంపలూ తిని తిని నాకు బీరకాయ కలలోకొస్తోంది. ఇంకో పేజీలో ఇలా ఉంది. 'ఎండుమోడును పెరట నుంచరాదు. అది చెదకు పుట్టినిల్లు.'

వసంత పంచమి. వీధిలో ఆడవాళ్లంతా పండగకని పసుపుపచ్చ చీరలు కట్టుకుని తిరుగుతున్నారు. మా ఆయన ఎండలో నవారు మంచం వాల్చుకుని పేపరు చదువుతున్నారు.

"ఏవండీ, ఆ మోడు కొట్టేద్దాం. బీరపాదు పందిరికి గుంజలు కూడా కలిసొస్తాయి."

"అది ఎవరిదో కనుక్కున్నావా?"

"చచ్చినదానికి హక్కుదారెవరండీ?"

"చచ్చినవాళ్లకే హక్కుదార్లు ఎక్కువ రాజ్యం. మా సెక్షన్‌లో సగం ఫైళ్లు అవే" అన్నారు పేపరు దించకుండా.

"మీ ఫైళ్లు కదిలేలోగా చెదపురుగు మన తలుపులు తినేస్తుంది. లేవండి."

లేచారు. ఆయనలో ఉన్న గొప్ప గుణం అది. వాదిస్తారు గానీ లేస్తారు. గొడ్డలి మాకు లేదు. ఆంటీ వరండాలో పుల్లలు కొట్టుకునేది ఉంది, తాళం నా దగ్గరే ఉంది. మొదలు ఆయన కొట్టారు, మోకాలెత్తున. కొమ్మలు నేను కొట్టాను.

"రాజ్యం, ఇక్కడ పాలు కారుతున్నట్టుంది చూడు."

"మంచు తడి."

"మంచు తెల్లగా, జిగురుగా ఉంటుందా?"

"ఢిల్లీ మంచు. ఇక్కడ ఏది మనవైపులా ఉందని?"

ఆయన మళ్లీ గొడ్డలెత్తారు. నా మాటలో పస లేదనుకోండి, కానీ ముందు మాట్లాడింది నేను.

పదిహేను గుంజలు తేలాయి. నేలలోకి తేలిగ్గా దిగాలని ఒక్కోదాని కొసా ఏటవాలుగా చెక్కాను. నేల రాయిలా ఉంటే రెండు బిందెల నీళ్లు పోసి నానబెట్టి, గునపంతో గుంతలు తీసి, జానెడు లోతున పాతి, మట్టి గట్టిగా తొక్కాను. పక్క ఊరు మునీర్కాలో గేదెల కొట్టం నుంచి రెండు తట్టల ఎరువు తెప్పించి మొదళ్లలో వేశాను. ఒక్కో గుంజ పక్కన మూడేసి బీరగింజలు. పొద్దునా సాయంత్రం నీళ్లు. ఇంత శ్రద్ధగా నేను కాపరం కూడా మొదలుపెట్టలేదు.

వారమైంది. రెండు వారాలైంది. గింజ మొలవలేదు. ఒకటి తవ్వి చూశాను, నానిన శనగలా మెత్తబడి కుళ్లి ఉంది. రాత్రిళ్లు చలికి మేమే రజాయిలో వణుకుతుంటే బీరగింజ ఎలా మొలుస్తుందని మా ఆయన అడిగారు. పుస్తకంలో మాఘం అని ఉందన్నాను. ఏ ఊరి మాఘం అన్నారు. బహుశా అది ఊడిపోయిన పన్నెండు పేజీల్లో ఉండుంటుంది.

గింజలు మొలవకపోయినా నీళ్లు మాత్రం మానలేదు. నాకు పట్టుదల ఎక్కువ, పేరేదైనా పెట్టుకోండి.

మార్చి వచ్చింది. ఒక పొద్దున గుంజల దగ్గరికి వెళ్లి వంగి చూశాను. కణుపు కణుపునా పచ్చటి పురుగులు. బియ్యపుగింజంత కొన్ని, వేలి కణుపంత కొన్ని, ఒళ్లంతా నూగుతో, అచ్చం గొంగళిపురుగు పిల్లలే. నాకు భయం కంటే ముందు గర్వం కలిగింది. ఏం చెప్పింది పుస్తకం? ఎండుకర్ర పురుగుకు పుట్టినిల్లని చెప్పలేదా?

డాల్డా డబ్బాలో కిరసనాయిలు పోసి, వంటింటి పట్టకారు తీసుకుని, ఒక్కొక్కదాన్నే పీకి డబ్బాలో వేయడం మొదలుపెట్టాను. ఒక్కటీ కదల్లేదు. చలికి మొద్దుబారాయనుకున్నాను. రోజూ పొద్దున్నే ఇదే పని. మా ఆయన పళ్లు తోముకుంటూ వచ్చి చూశారు.

"నీ గుంజలకు ఆకులొస్తున్నాయి రాజ్యం."

"అవి ఆకులు కావు. పురుగులు కట్టుకున్న గూళ్లు."

"గూళ్లకు ఈనెలుంటాయా?"

"మీకు ఆఫీసుకు టైమవలేదా?"

అయింది, వెళ్లారు. ఆ మధ్యాహ్నమే పోస్టులో ఆఫీసు కవరొచ్చింది, నా పేరు మీద. నా ఉత్తరానికి జవాబు. హిందీలో టైపు చేసి, కింద సంతకం పెట్టి, ఎంత మర్యాదగా రాశారో. నేను తెలుగులో చెబుతాను: 'అమ్మా, తమరు తెలిపిన పదకొండు చెట్లనూ మా మనిషి వచ్చి చూసినాడు. అన్నీ ప్రాణంతో ఉన్నవి. చలికాలమున ఆకు రాల్చుట వాటి స్వభావము. మార్చి నెలాఖరు వరకు వేచి చూడగలరు. అప్పటికిని చిగురించనిచో మరల వ్రాయగలరు.'

రెండుసార్లు చదివాను. తలుపు తీసుకుని వీధిలోకి వెళ్లాను. నెల రోజులుగా నేను తలెత్తి చూడలేదు, నా చూపంతా గుంజల మీదే. పదకొండు చచ్చిన చెట్లూ లేతాకు కప్పుకుని నన్ను చూస్తున్నాయి. ఒకదాని మీద చిలకలు కూడా.

వెనక్కి పరిగెత్తాను. గుంజల మీద ఉన్నవి ఆకులే. ఈనెలతో సహా ఆకులు. పట్టకారుతో కిరసనాయిల్లో ముంచినవి పురుగులు కావు, పిందెలు. మోకాలెత్తున మిగిలిన మొదలు ఇటుకలకు జానెడు అవతల, ఆంటీ వైపు ఉంది. ఆ వంకర ఇటుకలు చెట్టును మా వైపుకి వదిలేసి అటు వంగాయని నా లెక్క, నిజానికి వంగింది నా కన్నే.

ఇక చూడండి నా తెలివి. పుస్తకంలో గాయపడిన చెట్టుకు పేడ పట్టించమని ఎక్కడో చదివాను. గేదె పేడలో పసుపు కలిపి ఆ మొదలు తలకు మెత్తగా మెత్తాను. గాలికి ఎండిపోకుండా పాత ఎర్ర జాకెట్టు గుడ్డతో చుట్టూ కట్టు కట్టాను. మా ఆయన సాయంత్రం వచ్చి చూసి, "అయోడిన్ కూడా రాయకపోయావా" అన్నారు. ఆ మనిషి మీద అరవడానికి కూడా నాకు నోరు రాలేదు. అది చూసి ఆయన భయపడి, "ఆంటీ వచ్చాక నేనే చెబుతాలే, నేనే కొట్టానని" అన్నారు. వద్దన్నాను. నోరు నాది, తప్పు నాది, చెప్పడం కూడా నాదే కావాలి.

మూడు రోజులు హిందీలో క్షమాపణ తయారుచేసుకున్నాను. 'మాననీయ ఆంటీజీ, మేరే అజ్ఞాన్ కే కారణ్...' అని మొదలవుతుంది. అద్దం ముందు చెప్పుకుంటే వార్తల్లో సంతాప తీర్మానంలా ఉంది.

నాలుగో రోజు పొద్దున్న రిక్షా గంట వినిపించింది. ఆంటీ. ఒక చేతిలో ట్రంకుపెట్టె, ఇంకో చేతిలో పిన్నీలని వాళ్లు చేసుకునే నేతి లడ్డూల డబ్బా. "మనవడు పుట్టాడు పుత్తర్, తల్లీ పిల్లాడూ క్షేమం" అని నా నోట్లో ఓ పిన్నీ కుక్కింది. నేను తయారుచేసుకున్న క్షమాపణ దాని వెనకాల ఇరుక్కుపోయింది. నేను నమిలి మింగేలోపల ఆవిడ వెనక తలుపు తీసుకుని పెరట్లోకి వెళ్లిపోయింది.

నేను వెనకే వెళ్లాను. ఆంటీ ఆగి, పసుపు మెత్తి ఎర్రగుడ్డ కట్టిన ఆ మొదలును చూసింది. చెప్పులు విడిచింది. రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టింది.

"మీ మద్రాసీల దేవుడా పుత్తర్? మంచిచోటే పెట్టావు."

"కాదు ఆంటీ" అన్నాను. మాననీయ లేదు, అజ్ఞాన్ లేదు. "అది మీ చెట్టు. చచ్చిపోయిందనుకుని నేనే కొట్టేశాను."

ఆవిడ జోడించిన చేతులతోనే తలెత్తి పైకి చూసింది, చెట్టుండాల్సిన చోట. అక్కడ ఆకాశం ఉంది. మెల్లిగా ఇటుకల మీద కూర్చుంది.

"తిట్టండి ఆంటీ. పంజాబీలోనే తిట్టండి, అర్థం చేసుకుంటాను."

తిట్టలేదు. తిట్టుంటే నాకు అలవాటైన పని, జవాబు చెప్పుకునేదాన్ని. ఆవిడ నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టింది. అది శహతూత్ అట. మన కంబళిచెట్టు, పట్టుపురుగులకు ఆకు మేపేది. పెళ్లయి అత్తవారింటికి వెళ్లినప్పుడు ఆ ముంగిట్లో ఉండేదట. ఇప్పుడా ఊరు సరిహద్దుకు అవతల, పాకిస్తాన్‌లో పడింది. అక్కడి నుంచి వచ్చేటప్పుడు అత్తగారు తడిగుడ్డలో చుట్టి ఓ కొమ్మ చేతికిచ్చిందట. దాన్ని ఢిల్లీలో మొదటి ఇంటి ముందు పాతితే చెట్టయింది. క్వార్టర్ మారినప్పుడు ఆ చెట్టు కొమ్మ కోసి కొత్తచోట పాతారు. మళ్లీ మారితే మళ్లీ. ఇది నాలుగో చెట్టు.

"చెట్టు రాదు పుత్తర్ మన వెంట. కొమ్మ వస్తుంది. ఆకు వెయ్యకముందే, చలి ఉండగానే కోసి పాతాలి. అదే నాకు మిగిలిపోయిన పని. వసంత పంచమికి కోద్దామనుకున్నాను, అంతలో టెలిగ్రామ్. వచ్చే చలికి నేనిక్కడ ఉండను. ఈ ఇంట్లో ఎవరుంటారో, నన్ను గుమ్మం తొక్కనిస్తారో లేదో. అంబాలాలో మనవణ్ణి ఒళ్లో పెట్టుకుని కూడా ఇదే ఆలోచన. పోనీలే. ఎటూ ఈ ఏడు అదను దాటిపోయింది. చెట్టున్నా నేను తీసుకెళ్లలేకపోయేదాన్ని."

నన్ను ఓదార్చడానికి అంటోంది. తన చెట్టు కొట్టినదాన్ని.

"కట్టెలేం చేశావు? పొయ్యిలో పెట్టావా?" అంది లేస్తూ.

"లేదు ఆంటీ. పందిరికి గుంజలు పాతాను. అవిగో."

ఆవిడ అటు తిరిగింది. ఇంతసేపూ ఆ వైపు చూడనే లేదు. ఎండలో వరసగా పదిహేను గుంజలు, పదకొండింటికి ఆకులు. ఆంటీ దగ్గరికెళ్లి ఒకదాన్ని గోటితో గీకింది. బెరడు కింద పచ్చగా ఉంది. ఇంకోటి గీకింది. మొదట్లో మట్టి వేలితో తీసి చూసింది. నన్ను చూసింది.

"ఎప్పుడు పాతావు?"

"వసంత పంచమి."

"కొస ఏటవాలుగా ఎందుకు కోశావు?"

"నేలలో తేలిగ్గా దిగుతుందని."

"నీళ్లు?"

"రెండు పూటలా. బీరగింజల కోసం."

"ఎరువు కూడా వేశావు."

"బీరగింజల కోసమే ఆంటీ."

"మరి కాయలేవి? ఇన్ని ఆకులొచ్చి పిందె రాకుండా ఉండదే."

నేను డాల్డా డబ్బా తెచ్చి చూపించాను. లోపల కిరసనాయిల్లో తేలుతున్న ముప్పావు డబ్బా పిందెలు. పురుగులనుకున్నాననీ, పట్టకారుతో పీకాననీ చెప్పాను. చెప్పక చస్తానా.

ఆంటీకి ముందు భుజాలు కదిలాయి. తర్వాత పొట్ట. ఆ తర్వాత ఆవిడ ఇటుకల మీద కూలబడి, దుపట్టా నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ల వెంట నీళ్లు కారేలా నవ్వింది. మధ్యమధ్యలో నన్ను చూసి మళ్లీ మొదలెట్టింది. నాకు తప్ప అన్నింటికీ అర్థమైనట్టుంది, గోడమీది కాకులతో సహా.

"కొత్తగా పాతిన కొమ్మకు కాయ ఉంచకూడదు పుత్తర్" అంది ఆఖరికి ఊపిరి తీసుకుంటూ. "బలమంతా కాయ తినేస్తుంది, వేరుకు మిగలదు. పిందె కనిపించగానే గిల్లెయ్యాలి. మా అత్తగారు నాకు మూడేళ్లు నేర్పింది ఇది. నీకెవరు నేర్పారు?"

"పుస్తకం" అన్నాను.

పదిహేనులో ఆకులు రాని నాలుగూ చూపించి, ఇవేం చేశావంది. ఆవిడే వంగి చూసి చెప్పింది: తలకిందులుగా పాతాను. కొమ్మ మొదలు పైకి, చివర నేలలోకి. ఆ నాలుగింటికీ కూడా నేను రెండు పూటలా నీళ్లు పోశాను.

అంతటితో అయిపోలేదు. నేను సంబరపడబోతే ఆంటీ ఆపింది. ఆకు వచ్చినంత మాత్రాన వేరు వచ్చినట్టు కాదట. కర్రలో దాగిన పాత బలంతో ఆకు వేస్తుంది, వేరు పట్టకపోతే ఎండలకు ఒక్కపూటలో మాడిపోతుంది. "తప్పు చేశావు కాబట్టి శిక్ష వేస్తున్నాను" అంది. "నేను ఏప్రిల్ దాకా ఆఫీసుకు పోవాలి. పగలంతా ఇవి నీ పూచీ."

గుంజలన్నీ నడుమెత్తుకు తెగ్గొట్టింది. నేను గోనెసంచులు తడిపి నీడ కట్టాను. ఏప్రిల్ వచ్చింది, మే వచ్చింది. ఢిల్లీ వడగాలి ఎలా ఉంటుందో నాకదే మొదటిసారి. కుళాయి ఆగిపోతే బట్టలు జాడించిన నీళ్లు పోశాను, బియ్యం కడుగు పోశాను. మా ఆయన స్నానానికి అరబకెట్టు ఇచ్చి మిగతాది అటు పట్టుకెళ్లాను. "నాకూ ఆకులు రాలుతున్నాయి" అన్నారాయన. వినలేదు. అయినా ఒక్కోటీ ఎండిపోతూ వచ్చింది. పదకొండు ఎనిమిదయ్యాయి. ఎనిమిది ఆరయ్యాయి. ఆంటీ రిటైరయ్యేదాకా సాయంత్రం బస్సు దిగి ముందు ఇంట్లోకి కాక పెరట్లోకే వచ్చేది. ఇద్దరం ఒక్కో కర్రనూ పలకరించి, ఆ తర్వాత టీ తాగేవాళ్లం. నా హిందీ పుస్తకం వదిలి నోటికెక్కింది అక్కడే. ఆవిడకు మాత్రం తెలుగులో ఒకే ఒక్క ముక్క అబ్బింది, 'ఏవండీ'. అది ఆవిడ మా ఆయన్నే పిలిచేది, నేనేం చెయ్యను.

జూలైలో వానలు పడ్డాక ఆంటీ క్వార్టర్ ఖాళీ చేసింది. లారీలో సామాను మధ్య, వేళ్ల చుట్టూ మట్టితో గోనెలు చుట్టి, ఐదు మొక్కలు వెళ్లాయి. ఆరోది నాకే వదిలింది. కొట్టేసిన మొదలు కూడా, పసుపు మహిమో ఏమో, ఈలోగా గంపెడు కొమ్మలు వేసింది. ఆ ఏడాది నా తోటలో పండిన కూర మాత్రం సున్నా. ఒక్క బీరకాయ లేదు. అయినా అంతకంటే బాగా కాసిన తోట నా జన్మలో మళ్లీ వెయ్యలేదు. ఊరు కాని ఊళ్లో, నోరున్న మనిషికి ఒక ఇంటి తలుపు ఎప్పుడూ తెరిచి ఉండటమంటే ఏమిటో అది కాసింది.

మూడో ఏడు వేసవి మొదట్లో కబురంపితే ఫరీదాబాద్ వెళ్లాం. గేటు పక్కనే చెట్టు, మా ఆయన కంటే ఎత్తు. కింద నల్లటి పళ్లు రాలి ఉన్నాయి. ఆంటీ మనవడు మూతంతా వంకాయరంగు చేసుకుని నా చీర పట్టుకున్నాడు. మొదలుకు ఓ రేకు కట్టి ఉంది. సైకిలు నంబర్లు రాసే పెయింటరు చేత హిందీలో రాయించిందట. 'శహతూత్. నాటినది: రాజ్యం, మద్రాస్.'

"ఆంటీ, మద్రాసు కాదు, ఆంధ్రా" అన్నాను.

"రేకు మీద చోటు చాల్లేదు పుత్తర్. పండు తిను" అంది.

రెండు పేర్లకూ అక్షరాలు దగ్గర దగ్గర సమానమే. వాదిద్దామంటే నోటినిండా పండ్లు. పైగా ఆ రేకులో నేను వాదించదగ్గ అబద్ధం అదొక్కటే కాదు. కింద ఇంకో వరస ఉంది. ఆంటీ గొడ్డలితో ఆంటీ చెట్టును నేను కొట్టేసిన రోజును, ఆవిడ పెయింటరుతో ఇలా రాయించింది: నాటిన తేదీ, 12-2-1978.